దుకాణానికి కంప్యూటర్ కొనే ముందు: నల్లగొండ, పాలమూరు చిన్న వ్యాపారుల కోసం

నల్లగొండలోనూ, మిర్యాలగూడ, దేవరకొండ దారుల్లోని ఊళ్లలోనూ చిన్న వ్యాపారుల లెక్కలు చూడడం నా వృత్తి. ఎరువుల దుకాణాలు, కిరాణా హోల్‌సేల్ షాపులు, రైస్ మిల్లులు, హార్డ్‌వేర్ దుకాణాలు, బట్టల షాపులు, ఇలా ఎన్నో చోట్ల వారి కంప్యూటర్ల ముందు కూర్చున్నాను. కొత్తది కొనబోయే యజమాని నన్ను అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఐ3 సరిపోతదా, ఐ5 తీసుకోవాల్నా?" దానికి జవాబు చెప్పే ముందు నేను మరో ప్రశ్న వేస్తాను. నెలలో 10వ తేదీ సాయంత్రం, మరునాటితో జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను) గడువు ముగుస్తుందనగా, ఈ యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతే మీ చేతిలో ఏం మిగులుతుంది? ఆ రోజును ముందే లెక్కలో వేసుకుని కొన్నవారికి ఏ ప్రాసెసర్ కావాలో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

నాకు ఈ సంగతి బోధపడింది ఒక ఎరువుల దుకాణంలో. వానాకాలం సాగు ఊపందుకుని, యూరియా లోడు దిగి, కౌంటర్ ముందు రైతులు వరుస కట్టిన జులై నెల అది. బిల్లు కొడుతుండగానే తెర నీలంగా మారింది, మళ్లీ తెరుచుకోలేదు. హార్డ్ డిస్క్ లోపల గడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. యజమాని మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. "డీ డ్రైవ్‌ల బ్యాకప్ ఉన్నది గదా అన్నా, పరేషాన్ ఎందుకు?" అన్నాడు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అనేవి ఒకే డిస్కును రెండు గదులుగా విడదీసిన గోడ మాత్రమేనని, ఇల్లు కూలితే రెండు గదులూ కలిసే కూలుతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన నేనూ చెప్పలేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద తీసిన బిల్లుల రెండో ప్రతులను కట్టలుగా ముందు పెట్టుకుని, మూడు వారాలపాటు రాత్రిళ్లు ఏప్రిల్ నెల నుంచి లెక్కలన్నీ తిరిగి ఎక్కించాం. రిటర్ను ఆలస్యమైనందుకు రోజుకు 50 రూపాయల చొప్పున కట్టిన రుసుము చిన్న నష్టమే. ఉద్దెర ఖాతాల్లో ఎవరు ఎంత బాకీ ఉన్నారో కొన్నిచోట్ల చివరిదాకా తేలలేదు, అదే ఆయనను కుంగదీసింది.

ముందు మీ దుకాణంలో ఒక రోజును కాగితం మీద పెట్టండి

కంప్యూటర్ల షాపుకు వెళ్లే ముందు ఒక పూర్తి పనిదినాన్ని గమనించి రాసుకోండి. రోజుకు ఎన్ని బిల్లులు పడతాయి, ఎంతమంది కూర్చుని పనిచేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, యంత్రానికి ఏమేం తగిలిస్తారు అన్నవి అందులో ఉండాలి. ట్యాలీలో లెక్కలు, ఎక్సెల్ పట్టికలు, జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లులు, బ్యాంకు పనులు, వాట్సాప్ వెబ్ ఇంతవరకే అయితే అది తేలిక పనే. దానికి ఖరీదైన ప్రాసెసర్ అక్కరలేదు. ఇద్దరు ఒకేసారి ట్యాలీలో కూర్చోవలసి ఉంటే, ఒక్క కంప్యూటర్‌కు పరిమితమైన సిల్వర్ లైసెన్సు చాలదని, గోల్డ్ లైసెన్సు తీసుకోవాలని గుర్తుంచుకోండి. రెండు కంప్యూటర్లను వైఫై మీద వదలకుండా ల్యాన్ కేబుల్‌తో కలిపితే లెక్కల ఫైళ్లు మధ్యలో తెగిపోయే బాధ తగ్గుతుంది.

తగిలించే పరికరాల సంగతిని చాలామంది కొన్న తర్వాతే ఆలోచిస్తారు. కీబోర్డు, మౌస్, ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం, బ్యాకప్ డిస్కు అన్నీ యూఎస్‌బీ రంధ్రాలనే అడుగుతాయి. కాబట్టి కనీసం ఆరు ఉన్న యంత్రాన్ని ఎంచుకోండి. మిల్లుల వారికి ఇంకో చిక్కు ఉంది. వేబ్రిడ్జి కాంటా నుంచి తూకాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి తెచ్చే తీగ చాలాచోట్ల ఇంకా పాత తొమ్మిది సూదుల సీరియల్ పోర్టుకే తగులుతుంది. ల్యాప్‌టాప్‌లలోనూ, కొత్త డెస్క్‌టాప్‌లలో చాలావాటిలోనూ ఆ పోర్టు ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టుకోవచ్చు గానీ, నాసిరకం కన్వర్టర్‌తో లారీ కాంటా మీద నిలబడి ఉండగా తూకం తెర మీదికి రాకపోతే ఆ గొడవ అంతా ఇంతా కాదు. కాంటా బిగించినవారితో ముందే మాట్లాడి, వారు పరీక్షించిన కన్వర్టర్‌నే తీసుకోండి.

ప్రింటర్ విషయంలో పాతదని డాట్ మ్యాట్రిక్స్‌ను తీసిపారేయకండి. ఒకే దెబ్బకు రెండు మూడు ప్రతులు ఇచ్చేది అదొక్కటే, మా ఎరువుల దుకాణాన్ని గట్టెక్కించినవీ ఆ ప్రతులే. కిరాణా కౌంటర్‌కు మూడంగుళాల థర్మల్ ప్రింటర్ సరిపోతుంది, అయితే ఆ కాగితం మీది అక్షరాలు ఎండకు, వేడికి కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి గనుక దాచుకోవలసిన బిల్లుకు అది పనికిరాదు.

నారాయణపేట, గద్వాల చీరల వ్యాపారం చేసేవారు మానిటర్ మీద నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం న్యాయం. వాట్సాప్‌లో ఫొటో పంపి అమ్మే చీరకు తెర మీద ఒక రంగు, చేతిలో ఒక రంగు ఉంటే సరుకు తిరిగి వస్తుంది. వారు రంగులను దాదాపు ఉన్నవున్నట్టు చూపే ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మానిటర్‌నే అడగాలి. మిగతా వారికి 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర ఏదైనా చాలు. డీటీపీ, ఫ్లెక్సీ, ఫొటో స్టూడియోల పని వేరు. వారికి 16 నుంచి 32 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరమవుతాయి. పాత అను ఫాంట్లతో పనిచేసేవారైతే ఆ కీబోర్డు ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదో డబ్బు కట్టక ముందే పరీక్షించి చూసుకోవాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

నా చేతికి 50 వేల రూపాయలిచ్చి కొనమంటే, అందులో ఎనిమిది తొమ్మిది వేలు యూపీఎస్‌కు, బ్యాకప్ డిస్కుకు ముందే పక్కన పెడతాను. మిగిలిన డబ్బులోనే యంత్రాన్ని వెతుకుతాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొత్తం డబ్బు యంత్రానికే పెట్టి, యూపీఎస్ వచ్చే నెల చూద్దామంటారు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు.

యంత్రంలో మొదట చూడవలసింది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్లు చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500కు పైగా చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం అంతకు ఎన్నో రెట్లు వేగంగా ఉంటుంది. ట్యాలీ తెరుచుకోవడానికి పట్టే సమయంలో యజమానికి కంటికి కనిపించే తేడా అంతా ఇక్కడిదే, ప్రాసెసర్‌ది కాదు. పరిమాణంలో 256 జీబీతో పని గడుస్తుంది, 512 జీబీ ఉంటే ఐదారేళ్లు నిశ్చింత. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. హార్డ్ డిస్క్ పాడయ్యే ముందు తరచుగా చప్పుడు చేస్తుంది, ఎస్‌ఎస్‌డీ ఏ సడీ లేకుండానే ఒకనాడు పలకడం మానేయవచ్చు. అది కొన్నంత మాత్రాన బ్యాకప్ అవసరం తప్పదు.

ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి పెట్టే అలవాటున్న చోట 16 జీబీ తీసుకోవాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఇప్పుడు చేతిలో డబ్బు తక్కువైతే 8 జీబీతో మొదలుపెట్టి, రెండో స్లాటు ఖాళీగా ఉన్న యంత్రాన్ని ఎంచుకోండి. పాత రకం డీడీఆర్4 ర్యామ్ కడ్డీ కొత్త రకం డీడీఆర్5 స్లాటులో దూరదు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు, దానికి తర్వాత పెంచే వీలే ఉండదు. ఈ రెండు సంగతులూ ముందే అడగాలి.

ఇక ఐ3, ఐ5 మాట. ఆ పేరు కంటే దాని పక్కనున్న సంఖ్య ముఖ్యం. ఐ5-4570 అంటే నాలుగో తరం, 2013 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. దుకాణాల్లో "ఐ5 అండి" అని మాత్రమే చెప్పి తరం చెప్పకపోతే, పెట్టె మీదనో తెర మీదనో ఆ పూర్తి సంఖ్యను చూపించమనండి. లెక్కల పనికి పన్నెండో తరం లేదా ఆపైది ఐ3, లేదంటే దానికి సాటి వచ్చే ఏఎండీ కంపెనీ రైజెన్ 3 గానీ రైజెన్ 5 గానీ ధారాళంగా సరిపోతుంది. సంఖ్య చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో తెరకు బొమ్మ ఇచ్చే భాగం ఉండదు. చవకగా వచ్చిందని అది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనవలసి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ యంత్రాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. హైదరాబాద్ కంపెనీలు వాడి వదిలిన డెస్క్‌టాప్‌లు గట్టివే, కొన్నేళ్లు బాగానే నడుస్తాయి. కానీ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపైది, రైజెన్‌లో 2000 వరుస లేదా ఆపైది ఉండాలని నియమం. ఆరో తరం, ఏడో తరం యంత్రాలలో కొన్నిటికి అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. అవి ఈరోజు తెరుచుకుంటాయి, రేపటి అప్‌డేట్‌కు హామీ ఉండదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ లాగిన్ జరిగే యంత్రంలో ఆ సాహసం వద్దు. పాతది కొనాలనుకుంటే ఎనిమిదో తరానికి కిందికి దిగకండి, లోపలి ఎస్‌ఎస్‌డీని మాత్రం కొత్తది వేయించుకోండి.

డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా అంటే, కౌంటర్ దగ్గర కదలకుండా ఉండే యంత్రానికి నేను డెస్క్‌టాప్‌నే చెబుతాను. కీబోర్డు పోతే కీబోర్డు, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోతే ఎస్‌ఎంపీఎస్ మార్చుకుని అదే రోజు పని సాగించవచ్చు. లెక్కలు ఇంటికి తీసుకెళ్లి చూసుకునే యజమానికి ల్యాప్‌టాప్ మేలు, దాని బ్యాటరీయే యూపీఎస్ పని చేస్తుంది. తెరలోనే అన్నీ ఇమిడ్చిన ఆల్-ఇన్-వన్ చూడముచ్చటగా ఉంటుంది, అయితే తెర పాడైతే మొత్తం యంత్రాన్ని సర్వీసుకు పంపాలి. ఆగిపోయే రోజును తలచుకుంటే నా మనసు అటు పోదు.

కరెంటు, ఎండ, తవుడు

మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మధ్యాహ్నం రెండింటికల్లా నత్తనడక నడుస్తోందని పిలిచారు. మూత విప్పి చూస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల మధ్య తవుడు, ఊక దుమ్ము కలిసి దూది పట్టీలా పేరుకుని ఉంది. వేలితో లాగితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. గాలి తగలని ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అందుకే ఆ నత్తనడక. బయట 44, 45 డిగ్రీలు కాసే మన మే నెలలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కొత్త ప్రాసెసర్ కొంటామని సిద్ధపడ్డ ఆ యజమానికి బ్లోయర్ ఒక్కటే సరిపోయింది. మిల్లులు, పల్లికాయ మార్కెట్ దగ్గరి దుకాణాలు, సిమెంటు షాపుల వారు ముందువైపు జాలీ, దుమ్మును ఆపే ఫిల్టర్ ఉన్న కేబినెట్‌ను ఎంచుకోవాలి. మన దగ్గర సీపీయూ అని పిలిచే ఆ డబ్బాను నేల మీద కాకుండా అడుగున్నర ఎత్తు స్టూలు మీద పెట్టాలి. మూడు నెలలకోసారి ప్లగ్గు పీకేసి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్‌తో ఊదించాలి. రెక్కను వదిలేసి ఊదితే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ నడపడం లెక్కలను గాలికి వదలడమే. వ్యవసాయ మోటార్లు ఒక్కసారిగా నడిచే రోజుల్లో ఊళ్లలో వోల్టేజీ పడుతూ లేస్తూ ఉంటుంది, డేటా రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు చెడిపోవచ్చు. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మోస్తుంది. లెక్కల పని చేసే డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి కాబట్టి కొత్తలో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నిలుస్తుంది. ఆ సమయం పని కొనసాగించడానికి కాదు, బిల్లు సేవ్ చేసి పద్ధతిగా ఆపడానికి. లోపలి 12 వోల్టుల బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్ బ్యాటరీ సాకెట్‌కు ఎప్పుడూ తగిలించకండి. లోపలి రోలర్‌ను వేడి చేసేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది. దుకాణంలో ఇన్వర్టర్ ఉంటే దాని వెనుక మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారే క్షణానికి కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ మీదా, అడాప్టర్ల మీదా బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. కేబినెట్‌ను తాకితే చేతికి జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. అలాంటి చోట ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ తర్వాతే కంప్యూటర్ తెచ్చుకోవాలి.

ఎక్కడ కొనాలి, బిల్లులో ఏముండాలి

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్తే నాలుగు రాళ్లు తక్కువకు దొరుకుతుందని మనవాళ్లకు తెలుసు. ధరలో తేడా నిజమే. కానీ నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా అది దాదాపు వంద కిలోమీటర్లు. పాడైన ఎస్‌ఎంపీఎస్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లి రావడానికి ఒక రోజు వ్యాపారం పోతుంది. వెయ్యి రెండు వేల తేడాకైతే స్థానిక దుకాణంలోనే తీసుకోండి, ఆగిపోయిన రోజు స్కూటర్ మీద వచ్చి చూసే మనిషి విలువ ఆ రెండు వేల కంటే ఎక్కువ.

కంపెనీ యంత్రం తీసుకుంటే ఆన్‌సైట్ వారంటీ (ఇంజనీరే మీ దగ్గరికి వచ్చి బాగుచేసేది) ఉన్నదే అడగండి, ఆ ఆన్‌సైట్ మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అన్నది కంపెనీ కస్టమర్ కేర్‌కు స్వయంగా ఫోన్ చేసి తెలుసుకోండి. జిల్లా కేంద్రానికి వచ్చే ఇంజనీరు అచ్చంపేటకో, కల్వకుర్తికో, దేవరకొండకో వస్తాడని అనుకోవడానికి లేదు. అసెంబుల్ చేయించుకుంటే ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ ఉంటుంది. ఇంటెల్ పెట్టె ప్రాసెసర్‌కు మూడేళ్లు ఇస్తారు, పెట్టె లేకుండా విడిగా అమ్మేదానికి ఆ హామీ ఉండదు. చవక ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన అది అంత ఇవ్వదు. కరెంటు వృథా తక్కువని పరీక్షించి ఇచ్చే 80 ప్లస్ గుర్తున్నదే వేయించండి.

బిల్లులో మీ వ్యాపారం పేరు, మీ జీఎస్టీ నంబరు, ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి. కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. రెగ్యులర్ డీలర్ ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కాంపోజిషన్ డీలర్‌కు ఆ వీలు లేదు. అమ్మినవారు రిటర్ను వేశాక మీ జీఎస్టీఆర్-2బీలో (పోర్టల్‌లో కనిపించే మీ కొనుగోళ్ల క్రెడిట్ పట్టికలో) ఆ బిల్లు కనబడిందో లేదో చూసుకోండి. ఆదాయపు పన్నులో కంప్యూటర్‌కు తరుగుదల 40 శాతం, అయితే క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మొత్తం మీద మళ్లీ తరుగుదల చూపించకూడదు. "బిల్లు లేకుంటే తక్కువకిస్తం" అనే మాటకు ఒప్పుకుంటే క్రెడిట్, తరుగుదల, వారంటీ మూడూ పోతాయి.

విండోస్‌ను కంపెనీ వేసి పంపినదే తీసుకోండి. దొంగ విండోస్, క్రాక్ చేసిన ట్యాలీ ఉచితమనిపిస్తాయి. తెలిసి వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద అది జైలు శిక్ష పడే నేరం. అంతకంటే దగ్గరి ప్రమాదం, ఆ క్రాక్ ఫైలుతోపాటు లోపలికి దూరే వైరస్ ఒక ఉదయం మీ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడగడం. ఎంఎస్ ఆఫీస్ కొనలేకపోతే లిబ్రే ఆఫీస్‌ను ఉచితంగా, న్యాయంగా వాడుకోవచ్చు.

యంత్రం ఇంటికి వచ్చిన రోజు

తెచ్చినవాళ్లు వెళ్లిపోక ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయి, డిస్కు ఎస్‌ఎస్‌డీనా కాదా అన్నీ కనిపిస్తాయి. వాటిని బిల్లుతో సరిపోల్చుకోండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అన్నచోట విండోస్ యాక్టివ్ అని ఉందా చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. అది మీ బిల్లు తేదీకి నెలల ముందే మొదలై ఉంటే బిల్లు చూపించి సరిచేయించుకోండి.

అదే రోజు బ్యాకప్ మొదలుపెట్టాలి. లెక్కలు మూడు చోట్ల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, దుకాణం బయట మూడోది. మూడోది గూగుల్ డ్రైవ్ కావచ్చు, ఇంటి బీరువాలోని మరో డిస్కు కావచ్చు. బ్యాకప్ తీసిన వెంటనే డిస్కును యంత్రం నుంచి పీకేయండి, తగిలించి ఉంచిన డిస్కుకు కూడా వైరస్ తాళం వేస్తుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి గనుక, ప్రతి మార్చి 31 నాటి బ్యాకప్‌ను చెరపకుండా విడిగా ఉంచండి. మొదటి వారంలోనే ఒకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ముగింపు నిల్వలు పైసాతో సహా కలిశాయో లేదో చూడండి. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను.

పాత యంత్రాన్ని వెంటనే అమ్మేయకండి. కొత్తదాని మీద ఒక 11వ తేదీ జీఎస్టీఆర్-1, ఒక 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) గడిచేదాకా దాన్ని పక్కన ఉంచండి. ఆ తర్వాత డిస్కు విప్పి, దాని మీద తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టుకుని, మిగతా డబ్బాను ఎవరికైనా ఇవ్వండి.